పక్కవాళ్ల పుస్తకం

కొరట్టూరు, చెన్నై
20-10-1996

అన్నా,

పైన చెన్నై అని రాశాను, చూశావా. ఊరి పేరు మార్చి మూడు వారాలైంది. ఆఫీసు కాగితాల మీద పాత పేరు కొట్టేసి రబ్బరు స్టాంపు వేస్తున్నారు. నా చెయ్యి మాత్రం ఇంకా 'మ' దగ్గరే మొదలవుతోంది.

ఫోన్లు తయారుచేసే చోట పనిచేస్తూ సొంత పెదనాన్న కొడుక్కి ఉత్తరాలు రాస్తున్నానని మా అంబత్తూరు ఫ్యాక్టరీ వాళ్లు నవ్వుతారు. సూళ్లూరుపేటలో మా అన్న ఫోను పెట్టించుకోడు, నేనేం చేసేది అంటాను. నేను చేరినప్పుడు మా కంపెనీ రేడియోలు చేసేది. తర్వాత టేప్ రికార్డర్లు, ఇప్పుడు బటన్ల ఫోన్లు, వచ్చే వేసవి నుంచి పేజర్లట. ఇరవై రెండేళ్లలో నా చేతుల మీదుగా ఎన్ని కొత్త వస్తువులు పాతబడిపోయాయో తలచుకుంటే అలసట వస్తుంది. ఒక్కటీ పూర్తిగా అర్థమయ్యేంతసేపు నిలవలేదు.

ఇక అసలు సంగతి. నన్ను టెస్టింగ్ సెక్షన్‌కి ఇన్‌చార్జిని చేశారు. రెండు పొడుగాటి బల్లలు, ఇరవై రెండు మంది ఆడవాళ్లు. ఎం.ఎస్సీ ఫిజిక్సు చదివిన నలభై ఆరేళ్ల మనిషి ఎప్పుడో కావలసింది ఇప్పుడైంది అని కొందరంటున్నారు. నాకు మాత్రం వేరేవాళ్ల చెప్పుల్లో కాళ్లు పెట్టినట్టే ఉంది.

ఇన్‌చార్జిలందరినీ ముట్టుకాడు దగ్గర ఒక రిసార్టుకి రెండు రోజులు తీసుకెళ్లి నాయకత్వం నేర్పించారు. ఒక స్టూలు మీద కళ్లు మూసుకుని నిలబడి వెనక్కి పడిపోవాలి. కింద తోటివాళ్లు పట్టుకుంటారు. మా మేనేజరు సుందర్‌రాజ్ రెండుసార్లు పడ్డాడు, రెండోసారి నవ్వుతూ. నేను నాలుగు నిమిషాలు నిలబడి దిగిపోయాను. "మీకు మనుషుల మీద నమ్మకం లేదు మేడం" అన్నాడు నేర్పించేవాడు. నిజానికి కళ్లు మూసుకోకుండా చూస్తున్నాను. అతని వెనకాల నీళ్ల మీద ఏడు గూడబాతులు వాలాయి. అక్కడున్న నలభై మందిలో వాటిని చూసింది నేనొక్కదాన్నే. నువ్వుంటే బావుణ్ననుకున్నాను.

అక్కడే ఒక ఆలోచన వచ్చింది. మా బల్లల మీద టెస్టు చేసే మీటర్లు ఒకదానితో ఒకటి పొసగడం లేదని నా అనుమానం. అందుకని నువ్వు పులికాట్ సరస్సు మీద నేర్పిన పద్ధతే పెట్టాను. ఇద్దరిద్దరిని జత చేశాను. రోజూ ఒకే యాభై ఫోన్లని ఇద్దరూ విడివిడిగా పరీక్షించాలి. ఎన్ని చెడ్డవో ఎవరి పుస్తకంలో వాళ్లు రాసుకోవాలి. పక్కవాళ్ల పుస్తకం చూడకూడదు. సాయంత్రం టీ దగ్గర రెండూ తెరవాలి. పన్నెండేళ్లుగా మనం పక్షుల్ని లెక్కపెట్టినట్టే.

గోవిందమ్మ అనే ఆవిడ, అందరికంటే పాత మనిషి, పుస్తకం అటూ ఇటూ తిప్పి అడిగింది: "ఏం మేడం, ఇది ఫోన్లని లెక్కేసేదానికా, మమ్మల్నా?"

ఫోన్లనే అన్నాను. నమ్మిందో లేదో.

నాకొక పేజరు ఇచ్చారు. నడుముకి తగిలించుకుని తిరుగుతున్నాను. మోగినప్పుడల్లా ఫోను బూత్ కోసం పరిగెత్తాలి. పిలిచినవాడికి సుఖం, పరుగు మనకి. వదినని అడిగానని చెప్పు. జనవరి లెక్కకి ఎప్పటిలాగే వస్తాను.

నీ చెల్లెలు
రాజలక్ష్మి


సూళ్లూరుపేట
31-10-1996

లక్ష్మికి జనార్దనం దీవెనలు.

ఉత్తరం అందింది. ఇన్‌చార్జివైనందుకు మీ వదిన పరమాన్నం చేసింది. నీ వంతు కూడా నేనే తిన్నాను.

స్టూలు మీంచి పడకపోవడం మంచిదే అయింది. ముప్పై నాలుగేళ్లు స్కూల్లో సైన్సు చెప్పాను కానీ, పిల్లల్ని నిలబెట్టి వెనక్కి పడమని ఎప్పుడూ చెప్పలేదు. చెప్పుంటే హెడ్మాస్టరునై ఉండేవాణ్ణేమో.

నీ లెక్క గురించి ఒక్క మాట. పుస్తకాల మీద పేర్లు రాయించావా? మనం సరస్సు మీద పక్షుల్ని లెక్కపెడతాం. ఆ పక్షులకి మన పుస్తకంతో పని లేదు. రాజహంస నా దగ్గరికొచ్చి, నన్ను ఎందుకు వదిలేశావని అడగదు. మీ బల్ల మీద అట్లా కాదు. ఫోన్లని లెక్కపెట్టే మనిషికి ఆ అంకె తన మెడకే చుట్టుకుంటుందేమోనని భయం ఉంటుంది. గోవిందమ్మ అడిగింది మంచి ప్రశ్న.

ఇక్కడ వానలు బాగా పడ్డాయి. సరస్సు నిండింది. నేలపట్టు చెరువు దగ్గర గూడబాతులు గూళ్లు కడుతున్నాయని చెప్పారు. వెళ్లి చూడాలి. కళ్లద్దాలు మార్చాను, ఇంకా కుదురుకోలేదు. అందుకే అక్షరాలు పెద్దగా ఉన్నాయి, తప్పు పట్టకు.

జనార్దనం


కొరట్టూరు
27-11-1996

అన్నా,

నువ్వడిగినప్పుడే ఆపేసి ఉండాల్సింది. పేర్లు రాయించాను. బైండు చేసిన చక్కని నోటు పుస్తకాలు, అట్ట మీద పేరు, జత నంబరు. నా చేతి రాతే.

పోయిన సోమవారం సుందర్‌రాజ్ వచ్చి ఇరవై రెండు పుస్తకాలూ పట్టుకెళ్లాడు. ఇంత మంచి రికార్డు ఈ ఫ్యాక్టరీలో ఎవరూ పెట్టలేదని అందరి ముందూ మెచ్చుకున్నాడు. నేను కూడా కాస్త పొంగిపోయానని ఒప్పుకోవాలి. శుక్రవారం నన్ను గదిలోకి పిలిచి టైపు చేసిన కాగితం చేతిలో పెట్టాడు. ఆరు పేర్లు. పేజర్ల పనికి పదహారు మంది చాలట. తేడా వచ్చిన జతల్లో ఎవరి అంకె మిగతా సెక్షన్ అంకెలకి దూరంగా ఉందో వాళ్లు పనిలో నిలకడ లేనివాళ్లట.

"అంకెలు నావి కావు మేడం, మీవే" అన్నాడు. కోపంగా కాదు, చాలా మర్యాదగా.

ఇప్పుడు క్వాలిటీ సర్టిఫికెట్ కోసం ప్రతి కాగితానికీ ఇన్‌చార్జి సంతకం ఉండాలి. నేను సంతకం చేస్తేనే ఆ ఆరుగురిని పంపగలడు. జనవరి పదో తేదీ దాకా గడువు ఇచ్చాడు.

మొదటి పేరు గోవిందమ్మది. పందొమ్మిదేళ్ల సర్వీసు. తిరువొత్తియూరు నుంచి రెండు రైళ్లు మారి వస్తుంది. ఆమె జత శ్రీప్రియ అని ఇరవై రెండేళ్ల పిల్ల. యాభై ఫోన్లలో శ్రీప్రియ మూడో నాలుగో చెడ్డవని రాస్తే, గోవిందమ్మ పది, పదకొండు అని రాస్తుంది. రోజూ అంతే. లోపల ఏదో సన్నని రొద వినపడుతోందంటుంది. ఆమె పక్కన పెట్టిన ఫోన్లు తీసుకుని నేను కూడా చెవిలో పెట్టుకుని విన్నాను. అన్నా, నాకేమీ వినపడలేదు. మీటరు ముల్లు కూడా కదల్లేదు. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. పోనీ పొరబడుతోందేమో. యాభై దగ్గరపడిన మనిషి చెవి. పొరబడుతుంటే సుందర్‌రాజ్ మాట సరైనదే కదా. అక్కడే ఆగిపోతున్నాను.

సంగతి బల్లల మీదికి ఎట్లా చేరిందో చేరింది. నిన్న టిఫిన్ డబ్బాలు తెరిచే వేళ నేను వెళ్తే మాటలు ఆగిపోయాయి. గోవిందమ్మ మాత్రం లేచి నా కోసం స్టూలు లాగి అంది: "కూర్చో మేడం. పోయేవాళ్ల పక్కన కూర్చుంటే ఏం అంటుకోదులే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నువ్వైతే ఏం చేస్తావు? వెంటనే రాయి.

లక్ష్మి


సూళ్లూరుపేట
6-12-1996

లక్ష్మికి,

నేనైతే ఏం చేస్తానని అడిగావు. నాకు తెలియదు. నా కింద ఇరవై రెండు మంది ఎప్పుడూ పనిచెయ్యలేదు.

వినపడలేదని నీ చెవి అంటే, లేదని అర్థం కాదు. అంతవరకే చెప్పగలను.

జనవరి లెక్క సంగతి. ఈసారి రాకపోయినా ఫర్వాలేదు. నీకు ఆఫీసు తలనొప్పులు ఉన్నాయి. నాక్కూడా గట్టు మీద నడవడం కొంచెం కష్టంగా ఉంది. మోకాళ్లు. స్కూలు పిల్లలెవరితోనైనా కానిచ్చేస్తాను.

జనార్దనం


కొరట్టూరు
15-12-1996

అన్నా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పన్నెండేళ్లలో లెక్కకి రావద్దని నువ్వు రాయడం ఇదే మొదలు. మోకాళ్లంటే నమ్మలేదు. పోయినేడు మోకాలి లోతు బురదలో నా కంటే ముందు నడిచింది నువ్వే.

నీకు తెలిసిపోయిందేమో అనిపిస్తోంది. తెలియకపోతే ఇప్పుడు తెలుసుకో. ఇది చెప్పకుండా గోవిందమ్మ గురించి నిన్ను సలహా అడగడం సిగ్గుగా ఉంది.

పోయిన జనవరిలో ఏళుమలై టీ కొట్టు దగ్గర నువ్వు కాళ్లు కడుక్కోవడానికి వెళ్లావు. నీ పుస్తకం బెంచీ మీద తెరిచి ఉంది. గాలికి తెరుచుకుందని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నేనే తెరిచాను. రాజహంసలు 640 అని ఉంది. నా పుస్తకంలో 1,150. అంతకు ముందు ఏడాది కూడా నీ అంకె నా దాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. పదింటిని ఒక ముద్దగా చూసి, ఆ ముద్దని గుంపు మీద పరుచుకుంటూ పోవాలని నాకు నేర్పినవాడివి, నీ లెక్క అంత తగ్గడమేమిటని భయం వేసింది. నువ్వు రెండు అంకెలూ పక్కపక్కన చూసుకుంటే నీ మొహం ఎట్లా మారుతుందో చూడలేననిపించింది. రబ్బరు పెట్టి నాది చెరిపేసి 670 రాశాను.

నువ్వు తిరిగొచ్చి రెండూ చూసి, "చాలా దగ్గరగా వచ్చాయే" అన్నావు. తర్వాత టీ తాగుతూ ఏమీ మాట్లాడలేదు. సంతోషించావనుకున్నాను.

జాలిపడ్డానో, నీ ముందు నిలబడి నిజం చెప్పే ధైర్యం లేకపోయిందో, ఇన్ని నెలల తర్వాత కూడా తేల్చుకోలేకపోతున్నాను. ఏదైతేనేం, పక్కవాళ్ల పుస్తకం చూడకూడదని ఇరవై రెండు మందికి చెప్పింది ఈ మనిషే.

లక్ష్మి


సూళ్లూరుపేట
24-12-1996

లక్ష్మికి,

మోకాళ్లు కాదు. నీటికాసులు. రెండు కళ్లకీ. నెల్లూరు డాక్టరు చెప్పి రెండేళ్లు కావస్తోంది. చుక్కలు వేసుకుంటున్నాను. మిగిలింది నిలబెట్టుకోవచ్చు, పోయింది తిరిగి రాదన్నాడు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. పక్కలు మూసుకుపోయాయి. గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. గొట్టంలో ఎన్ని పక్షులు పడితే అన్నే రాశాను. 640 నేను నిజంగా చూసిన లెక్క.

నీ రబ్బరు సంగతి ఆ రోజే తెలుసు. పుస్తకం చూసి కాదు, అంకె చూసి. అంతకు ముందు పదకొండు జనవరులు మనం లెక్కపెట్టాం. ఏ ఏడాదీ మన ఇద్దరి అంకెలు వందకి లోపు తేడాతో రాలేదు. కళ్లు బాగున్న రోజుల్లో కూడా. నువ్వొక గట్టు వైపు ఎక్కువ చూస్తావు, నేనొక వైపు. గాలి ఒకసారి నీ మొహానికి కొడుతుంది, ఒకసారి నాకు. ఇద్దరు మనుషులు నిజంగా విడివిడిగా చూస్తే తేడా రాక తప్పదు. ముప్పై తేడా చూడగానే అనుకున్నాను, ఇది చూసి రాసిందని.

మరి ఎందుకు అడగలేదంటావా. అడిగితే నా కళ్ల సంగతి చెప్పాల్సి వస్తుంది. ఈ లెక్క తప్ప నాకు వేరే ఏముంది ఇక్కడ. కాబట్టి నోరు మూసుకుని ఆ రెండంకెలూ పక్షుల లెక్కలు పోగుచేసేవాళ్ల ఫారంలో నింపి పంపించాను. నువ్వొక్కదానివే కాదు తప్పు చేసింది. ఆ ఏడాది కాగితం మీద ఈ సరస్సుకి అయిదు వందల పక్షులు తగ్గిపోయాయి. ఎక్కడో ఎవరో ఆ కాగితం చూసి పక్షులు రావడం మానేశాయని బాధపడి ఉంటారు.

నీ ఆరుగురి జాబితా గురించి మళ్లీ ఆలోచించాను. మీ మేనేజరు తేడా ఉన్న పుస్తకాలు చూశాడు. నువ్వు తేడా లేని పుస్తకాలు చూడు.

జనార్దనం


కొరట్టూరు
11-1-1997

అన్నా,

నీ కళ్ల గురించి ఇందులో రాయను. వచ్చినప్పుడు మాట్లాడతాను. వస్తున్నాను, పిల్లలెవరినీ కుదుర్చుకోకు.

నీ ఉత్తరం అందిన రోజే పుస్తకాలు వెనక్కి అడిగి తెచ్చుకున్నాను. పదకొండు జతలు. అయిదు జతల్లో నాలుగు వారాల పాటు ఒక్క రోజు కూడా రెండు అంకెల మధ్య ఒకటికి మించి తేడా లేదు. నాలుగు అంటే నాలుగు, మూడు అంటే మూడు. నేను వాటిని చూసి మంచి జతలని మురిసిపోయాను. జాబితాలో ఉన్న ఆరుగురూ మిగతా ఆరు జతల్లోవాళ్లు.

శ్రీప్రియని టీ దగ్గర పక్కకి పిలిచాను. అడగకముందే ఏడ్చేసింది.

"మేడం, చాలామంది టిఫిన్ టైంలో ఒక నంబర్ మాట్లాడి పెట్టుకుంటారు. తేడా వస్తే ఉద్యోగం పోతుందని భయమే. నేనూ గోవిందక్కని అడిగినా, మూడు రాయి అక్కా అని. నీకు విన్నది నువ్వు రాయి, నాకు విన్నది నేను రాస్తా అనేసింది."

అంటే ఉన్నది ఉన్నట్టు రాసినవాళ్లనే ఏరి జాబితాలో పెట్టామన్నమాట. సుందర్‌రాజ్ దగ్గరికి పరిగెత్తబోయి మెట్ల మీద ఆగిపోయాను. ఈ మాట చెబితే ఆరు పేర్లు పోయి పది పేర్లు వస్తాయి. భయపడి పక్క పుస్తకం చూసిన పదిమంది. వాళ్లని తప్పు పట్టే హక్కు ఎవరికున్నా నాకు లేదు. టీ కొట్టు బెంచీ గుర్తొచ్చింది.

వెనక్కి తిరిగి గోవిందమ్మ బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ రొద నాకెందుకు వినపడదని అడిగాను. ఈ ప్రశ్న మొదటి రోజే అడగాల్సింది.

"నువ్వు చెవిలో పెట్టుకుంటావు మేడం. ఈడ ఇంత సందడి ఉండాది, చెవిలో ఏం వినపడతాది? ఇట్లా చూడు" అని రిసీవరు తీసి నా చెవి వెనక ఎముక మీద అదిమి పెట్టింది. "రేడియోలు చేసేటప్పటి నుంచీ నేను ఈడే పెట్టేది."

వినపడింది అన్నా. వినపడిందో, తెలిసిందో. ఎముకలో దోమ తిరిగినట్టు.

షాపుల నుంచి రొద వస్తోందని తిరిగొచ్చిన ఫోన్లు గోడౌన్లో నలభై ఉంటే, వాటిలో మంచివి నలభై కలిపి ఆమె ముందు పెట్టాను. ఏవి ఏవో చెప్పలేదు. తిరిగొచ్చిన నలభైలో ముప్పై ఏడు పట్టుకుంది. మీటరు ముల్లైతే వాటిలో తొమ్మిది ఫోన్లకే కదిలింది. మీటర్ల హద్దే తప్పుగా పెట్టి ఉంది. అసలు ఈ లెక్క మొదలుపెట్టింది అది కనుక్కోవడానికే కదా.

నిన్న గడువు. ఒక్క పేజీ రాసి ఇచ్చాను. లోపం మీటర్లలో ఉంది, మనుషుల్లో కాదు, పరీక్ష ఫలితం ఇది అని. జాబితా మీద సంతకం పెట్టలేదు.

"మీటర్ల సంగతి ఒప్పుకుంటాను" అన్నాడు సుందర్‌రాజ్. "కానీ కొన్ని జతలు సరిగ్గా కలుస్తున్నాయి కదా. ఆ మీటర్లతోనే. అదెట్లా?"

తెలివైనవాడు. నేను రాసిన పేజీనే మళ్లీ అతని వైపు జరిపాను.

"లీడర్ అన్నాక కారణం చెప్పాలి మేడం."

"పద్ధతి పెట్టింది నేను. పుస్తకాల మీద పేర్లు రాయించింది నేను. అందుకే ఆ అంకెలకి విలువ లేదు. కారణం నేనే అని రాసుకోండి."

రాసుకున్నాడు. జాబితా పక్కన పెడతాడట, మీటర్లు మార్చేవరకు. వచ్చే నెల నుంచి నేను ఇన్‌చార్జిని కాను. బెంగళూరు నుంచి ఎవరో వస్తారట. నన్ను బల్ల మీదికి పంపుతున్నాడు. పేజరు అక్కడికక్కడే ఇచ్చేశాను. నడుము దగ్గర ఇంకా ఏదో తగిలి ఉన్నట్టే తడుముకుంటున్నాను.

సరైన పని చేశానా అని అడగకు. రాత్రి ఒకటనిపిస్తుంది, పొద్దున ఇంకొకటి. వచ్చే శనివారం గూడూరు పాసింజరులో దిగుతాను.

లక్ష్మి


కొరట్టూరు
9-2-1997

అన్నా,

నేను క్షేమంగా చేరి మూడు వారాలైంది, ఇప్పటికి రాస్తున్నాను. కాలి గోళ్లలో సరస్సు బురద ఇంకా ఉంది.

గట్టు మీద నా భుజం పట్టుకుని నడిచావు కదా, నీ వేళ్లు ఆనినచోట రెండు రోజులు నొప్పి. కళ్ల గురించి మాట్లాడతానన్నాను, ఆ నడకతోనే సరిపోయింది. బావుంది. నీ బైనాక్యులర్ నీ దగ్గరే పెట్టుకో, నాకివ్వబోయావు కానీ. గొట్టంలోంచి చూసేవాడికి మరో గొట్టం దేనికని నువ్వు వేసిన జోకుకి ఏళుమలై నవ్వలేదు, గమనించావా. గ్లాసులో ఇంకాస్త టీ పోశాడు.

ఒకటో తేదీ నుంచి బల్ల మీద ఉన్నాను. మీటర్లు విప్పి తీసుకెళ్లారు, ఇంకా తేలేదు. ఆరుగురూ పనికి వస్తున్నారు. ఏప్రిల్లో పేజర్లు మొదలయ్యాక ఏమవుతుందో ఎవరికీ తెలియదు, బెంగళూరాయనకి తప్ప. నా జత గోవిందమ్మే. శ్రీప్రియ తనే లేచి నాకు చోటిచ్చింది. కొత్త పుస్తకాలు వచ్చాయి, అట్ట మీద పేర్లు లేవు.

మొదటి రోజు గోవిందమ్మ నా పుస్తకం వైపు చూడకుండానే అడిగింది: "ఎంత మేడం?"

"ఏడు."

"నాది పదకొండు. నాలుగు నీకు వినపళ్లా." తన పుస్తకం మూస్తూ, "ఉండనీ. రాసింది కొట్టేయొద్దు" అంది.

ఇన్‌చార్జిగా ఉన్నన్నాళ్లూ నాతో ఇంత చనువుగా ఎవరూ మాట్లాడలేదు.

నీ ఫారం నకలు అందింది. పదిసార్లు చూసుకున్నాను. రాజహంసలు: రాజలక్ష్మి లెక్క 1,210. జనార్దనం లెక్క 315. కింద రిమార్కుల గడిలో నీ పెద్ద అక్షరాలు: రెండో మనిషికి పక్కచూపు లేదు, రెండూ విడివిడిగా తీసిన లెక్కలే.

ఇంత తేడా వస్తే వాళ్లు మనల్ని నమ్ముతారో లేదో. వచ్చే జనవరికి నా పుస్తకం కొత్తది కొన్నాను, నీకూ ఒకటి కొన్నాను. గీతలు వెడల్పుగా ఉన్నది.

నీ చెల్లెలు
లక్ష్మి